తాళం వేసిన దక్షిణం గేటు

సముద్రానికి ఇంతవరకే అని గీత గీసి, ఆ గీత లోపల దాన్ని నిలిపిన దేవునికి స్తోత్రం. నేలకూ నీటికీ మధ్య, పగటికీ రాత్రికీ మధ్య ఖాళీ వదిలి, ఒకటి ఇంకొకదాని మీదికి రాకుండా ఈ లోకాన్ని కట్టినవాడికి మహిమ కలుగు గాక. ముప్ఫై మూడేళ్ళు ఇతరుల ఇళ్ళ చుట్టూ ఖాళీ స్థలం కొలిచి బతికినదాన్ని నేను. ఆయన పనిలో కొలత తప్పిన చోటు ఒక్కటీ నాకు కనబడలేదు. నా పనిలో కనబడింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ ఉద్యోగాలకు కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు మా సంఘంలో ఉన్నారు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను ఆపి అడుగుతుంటారు, “ఆంటీ, మీ సర్వీసులో పెద్ద కేసు ఏంటి?” అని. వాళ్ళు ఎదురుచూసేది అనుమతి లేని ఐదో అంతస్తు, దాన్ని కూల్చడానికి వెళ్ళినప్పుడు వచ్చిన ఫోన్లు. అవి నాకూ ఉన్నాయి, రేపు మీకూ ఉంటాయి. నేను చెప్పేది ఒక గేటు గురించి. దాని వెడల్పు పద్నాలుగు అడుగులు. ప్లాన్‌లో ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. రూల్స్ ప్రకారం దానిలో ఏ లోపమూ లేదు.

నేను నందిగామలో ఉండేదాన్ని. చివరి ఏళ్ళలో ఉద్యోగం జగ్గయ్యపేట మున్సిపాలిటీలో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఎవరైనా ఇల్లో, షాపో, ఆస్పత్రో కట్టాలంటే ప్లాన్ మా దగ్గరికి వస్తుంది. గోడలు నిలబడతాయా లేదా అనేది ఇంజనీరు చూసుకుంటాడు. బండి ఎటు నుంచి లోపలికి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎటు నుంచి బయటికి పోతుంది, పోయేటప్పుడు రోడ్డు మీద ఎవరికి అడ్డం పడుతుంది అనేవి మేం చూడాలి. ప్లాన్‌లో కార్లు చాలా బుద్ధిమంతులు. అన్నీ ఒకే సైజులో, ఒకే రంగులో, గీతల మధ్య వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కదానికీ డ్రైవర్ ఉండడు. డ్రైవర్ పక్క సీట్లో మేనమామ కూడా ఉండడు.

ఒక ఫంక్షన్ హాలు ప్లాన్ వచ్చింది. కట్టించేది వత్సవాయి వైపు నుంచి వచ్చిన రైతు, పత్తి పండించే కుటుంబం. స్థలానికి తూర్పున పెద్ద రోడ్డు. దక్షిణాన ఒక సందు. ఆ సందులో ఇరవై ఇళ్ళుంటాయేమో. సందు చివర మురుగు కాలువ ఉంది కాబట్టి అటు దారి లేదు. ఎవరు బయటికి రావాలన్నా హాలు పక్కగా వచ్చి పెద్ద రోడ్డెక్కాల్సిందే.

లోపలికీ బయటికీ ఒకటే గేటయితే వచ్చే బండీ పోయే బండీ గేటులో ఎదురెదురుగా ఆగుతాయి, వెనకొచ్చేవి రోడ్డు మీద నిలబడతాయి. అందుకని రెండు గేట్లు పెట్టించాను. తూర్పు గేటు రావడానికి. దక్షిణం గేటు సందులోకి, అక్కడి నుంచి పెద్ద రోడ్డుకి పోవడానికి. పార్కింగ్ హాలు వెనక. కార్లు హాలు చుట్టూ ఒకే వైపుగా తిరిగి పోయేలా నేనే ఎర్ర పెన్సిలుతో బాణాలు గీశాను. గీసి, కుర్చీలో కాస్త వెనక్కి వాలి, వాటిని చూసుకున్నాను కూడా.

ప్లాన్ మీద సంతకం పెట్టబోయే ముందు హాలు ఓనరు ఒక కాగితం పట్టుకొచ్చాడు.

“మేడం, ఈ దక్షిణం గేటొకటి కాస్త మార్పు చేసుకుంటామండి,” అన్నాడు. కాగితంలో గేటుని గోడ నుంచి లోపలికి జరిపి, తూర్పుకి తిప్పి పెట్టారు. కారు ముందు తూర్పు ముఖంగా గేటు దాటి, తర్వాత సందులో కలుస్తుంది.

“ఎందుకండి?”

“మా సిద్ధాంతిగారు దక్షిణం ముఖంగా వద్దన్నారండి. అట్టా ఉంటే పెళ్ళివాళ్ళు అందులోంచి బయటికి పోరండి.”

ఆయన రెండు మాటలు చెప్పాడు. నేను మొదటిది విని అక్కడే ఆగిపోయాను. రెండోది ట్రాఫిక్ గురించి.

“దిక్కులు నాలుగూ చేసినవాడు ఒక్కడేనండి. తూర్పుని ఒకలాగా, దక్షిణాన్ని ఇంకోలాగా చెయ్యలేదు. సిద్ధాంతి మాట మీద గవర్నమెంటు ప్లాన్ మార్చడం కుదరదు,” అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా నాన్న సంఘ పెద్ద, నేను ఐదో ఏట నుంచి సండే స్కూల్లో పెరిగాను. ఇలాంటి సందర్భంలో నా దగ్గర మాటలకు కొరత ఉండదు.

ఆయన చివరిదాకా విని, “అంతేగదండి,” అని కాగితం మడత పెట్టబోయాడు. ఆయన మనసు మారిందనుకున్నాను. ఆయన మధ్యాహ్నం బస్సుకి వేళయిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆఫీసులోకి వచ్చిన కాగితం ఫైల్లోకి వెళ్ళాలి కాబట్టి దాన్ని తీసుకుని, “వాస్తు కారణం. తిరస్కరించడమైనది” అని రాసి మా చైన్‌మన్ చేతికిచ్చాను.

ఆ చైన్‌మన్ గురించి చెప్పాలి. కొలత వేసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకునే మనిషి. నాకంటే పెద్దవాడు, నేను బాబాయిగారూ అనేదాన్ని. ప్లాన్ చదవడం రాదు. ఇంటి ముందు నిలబడి, “వీళ్ళు మెట్లు రోడ్డు మీదికి దింపుతారమ్మా,” అనేవాడు. పునాది కూడా పడకముందే అనేవాడు. దింపేవాళ్ళు. ఆ రోజు ఆ కాగితాన్ని చూసి, నన్ను చూసి, వక్కపొడి నోట్లో వేసుకుని, ఫైల్లో పెట్టి కుట్టేశాడు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచి, ఆఫీసులో సత్యం కోసం ఎలా నిలబడ్డానో చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు.

హాలు పూర్తయింది. వెళ్ళి కొలిచాం. రెండు గేట్లూ ఉన్నాయి, దక్షిణం గేటు గ్రీజు పెట్టి మరీ ఉంది, ఒక్క వేలితో తెరుచుకుంది. వాడుకోవచ్చని సర్టిఫికెట్ మీద సంతకం చేశాను. మొదటి పెళ్ళి రోజునే ఆ గేటుకి తాళం పడింది.

ఈ సంగతి నాకు ఒక సోమవారం తెలిసింది. సోమవారాలు ఆఫీసులో జనం అర్జీలు ఇచ్చుకునే రోజు. సందులో చివరి నుంచి రెండో ఇంటామె వచ్చింది. అంగన్‌వాడీ టీచర్.

“ఏం జరిగిందమ్మా?” అన్నాను.

“ఏం జరగట్లేదండి, అదే నా బాధ. కార్లు అంగుళం కూడా జరగట్లా.”

ఆమె భర్తకు రెండు కిడ్నీలూ పోయాయి. మంగళ, గురు, శని వారాలు నందిగామలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డయాలసిస్. తొమ్మిదికి ఇంటి దగ్గర ఆటో ఎక్కితే పదిన్నరకు మిషన్ మీద ఉంటాడు. ఆలస్యమైతే మిషన్ తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. మంగళవారం పెళ్ళిళ్ళుండవు కాబట్టి బాధ లేదు. శనివారం తక్కువ. గురువారాలే. హాలు లోపలికి వెళితే బయటికి రాలేమని చుట్టాలంతా కార్లు సందులో పెట్టి పోతున్నారు.

“మొన్న గురువారం అరగంట ఆగి బయటపడ్డామండి. అంతకుముందు గురువారం ముప్పావుగంట. ఆయన ఒంట్లోకి నీరొచ్చేసి పడుకుంటే ఊపిరాడదు మేడం. ఒక్క పూట తప్పితే నాకు మనిషి మిగలడు.”

హాలుకి వెళ్ళాను. ఓనరు నన్ను చూడగానే కుర్చీ వేయించాడు.

“మొదట్లో తెరిచే పెట్టానండి మేడం. మొదటి పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, ఇదేంటయ్యా అశుభం అని తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఊరికెళ్ళిపోయాడు. రెండు వారాలు ఆ తాళంచెవి వాళ్ళూళ్ళోనే ఉందండి.”

“మీరు తెరిపించాలి.”

“తెరుస్తానండి. పోయేదెవరు?”

ప్లాన్ ప్రకారం గేటు తెరిచి ఉంచాలని నోటీసిచ్చాను. రెండు వారాలాగి ఇంకొకటిచ్చాను. ఆమె ప్రతి సోమవారం వస్తూనే ఉంది. నాలుగో సోమవారం కొత్తగా అర్జీ రాయలేదు, పాతదాని జెరాక్స్ తెచ్చింది. “మారిందేం లేదు గదండి,” అంది.

బస్టాండు వైపు నడుస్తూ మా చైన్‌మన్ అన్నాడు. “అమ్మా, గేటు తెరిపించటం మన పనే. దాంట్లోంచి పొమ్మని నెట్టటం మన చేతుల్లో లేదమ్మా.”

“రూలు రూలే బాబాయిగారూ.”

“మరేనమ్మా,” అన్నాడు.

శ్రావణమాసంలో ఒక గురువారం పెద్ద పెళ్ళి ఉందని తెలిసింది. ఉదయం ముహూర్తం. నేను మొదటి బస్సుకే వచ్చేశాను. ఆ రోజు ఎలాగైనా ఆ సందు ఖాళీగా ఉంచి, ఆటోని దగ్గరుండి పంపాలని ప్రార్థన చేసుకునే వచ్చాను. నా ఏర్పాటు ఇది: దక్షిణం గేటు తాళం తీయించాలి. చైన్‌మన్ తూర్పు గేటు దగ్గర నిలబడి వచ్చే బండ్లని రానివ్వాలి, బయటికి వచ్చే బండిని ఒక్కదాన్నీ రానివ్వకూడదు. అప్పుడు వేరే దారి లేక అందరూ దక్షిణం వైపు పోతారు. అక్కడ నేను నిలబడతాను. కాగితం మీద వేసి చూసుకున్నాను, బాగానే వచ్చింది.

ఎనిమిది దాటాక ఒక్కొక్క కారు బయటికి పోవడానికి కదిలింది. ముహూర్తానికి మొహం చూపించి ఉద్యోగాలకు పోయేవాళ్ళవి. తూర్పు గేటు దగ్గర చైన్‌మన్ ఆపాడు. హాలు వెనక నుంచి తిరిగి దక్షిణం గేటు దాకా వచ్చాయి. మొదటి కారు గేటు చూసి ఆగింది. దాని వెనక రెండోది ఆగింది. నేను చెయ్యి ఊపుతూ, “రండి, రండి,” అంటున్నాను. డ్రైవర్ నన్ను చూడకుండా సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

పెళ్ళికూతురి పెదనాన్న వచ్చాడు. పట్టుపంచె, భుజం మీద కండువా, పొడుగాటి మనిషి.

“మీరు ఎవరి తరఫమ్మా?” అన్నాడు మర్యాదగా.

“మున్సిపాలిటీ తరఫండి.”

“టిఫినైందా?”

“అయిందండి. బండ్లు ఇటు నుంచే పోవాలి, దయచేసి మీవాళ్ళకి చెప్పండి.”

ఆయన గేటు చూశాడు, సందు చూశాడు. “శవాన్ని దక్షిణానికి తీసకెళ్తాం తల్లీ. పెళ్ళివాళ్ళని కూడా అటే పొమ్మంటే ఎట్టాగమ్మా?”

“పెళ్ళికూతుర్ని పొమ్మనట్లేదండి. కార్లని పొమ్మంటున్నాను.”

“కార్లలో ఉన్నది మా చుట్టాలేగదమ్మా.”

“దిక్కులు నాలుగూ దేవుడివేనండి.”

“మేమూ అదే అంటన్నాం. ఒక్కో దిక్కు ఒక్కో దేవుడిది.”

ఈలోగా లోపల హాలు చుట్టూ కార్లు కొస నుంచి కొసకి నిండాయి. ఒక్కటీ బయటికి పోలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు తూర్పు గేటులోంచి తొంగిచూసి, లోపలి పరిస్థితి చూసి, బండ్లు సందులోకి తిప్పారు. మామూలు గురువారాల్లో సందులో ఒక వైపే పెట్టేవాళ్ళు. ఆ రోజు రెండు వైపులా పెట్టారు, తర్వాత మధ్యలో పెట్టారు. తొమ్మిదయ్యేసరికి గోడ నుంచి గోడకి ఇనుము తప్ప నేల లేదు. ఈ ఏర్పాటంతా నాదే. ఆ సందు పుట్టిన తర్వాత అంత బాగా ఎప్పుడూ మూసుకుపోలేదని తర్వాత అక్కడివాళ్ళు చెప్పారు.

ఆటో వాళ్ళింటి నుంచి బయల్దేరి, హాలు గోడ దాకా వచ్చి, దక్షిణం గేటుకి నాలుగు గజాల ఇవతల ఆగిపోయింది. ఆమె దిగి, కార్ల మధ్య పక్కకి తిరిగి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను.

“మీరూ వచ్చారా మేడం ఇయ్యాల,” అంది. “అయితే ఇంక మేం పోయినట్టే.”

ఆటోలో ఆయన రెండు చేతులతో ముందు కమ్మీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పెద్ద రోడ్డు అక్కడికి వంద గజాలుండదు. ఆ వంద గజాలు కార్ల మధ్య పక్కకి తిరిగి ఆయన నడవలేడు.

చైన్‌మన్ తూర్పు గేటు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. “లోపల నుంచి తీసకెళ్దామమ్మా. ఈ గేటులో ఎక్కించి ఆ గేటులో దింపుదాం.” అంటూనే భోజనాల దగ్గర నుంచి ఒక కుర్చీ లాక్కొచ్చాడు. దానికి తెల్ల శాటిన్ గుడ్డ తొడిగి, వెనక ఎర్ర రిబ్బను ముడి కట్టి ఉంది. విప్పే టైము లేదు, ఆయన్ని ఆటో దింపి అలాగే అందులో కూర్చోబెట్టాం.

కుర్చీ గేటు దగ్గరికి వచ్చేసరికి పెదనాన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు. మనిషిని చూశాడు. ఆయన పాదాలు చూశాడు. ఇంతలో ఎవరో ముసలామె వెనక నుంచి, “శుభమా అని పెళ్ళి జరుగుతుంటే దక్షిణం నుంచి రోగిని తెస్తారేంట్రా,” అంది.

“తెచ్చేది లోపలికే పిన్నీ,” అన్నాడాయన. “లోపలికి రావటానికి దోషం లేదు. పోవటానికే.” ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. అక్కడికక్కడ పుట్టిందనే నా నమ్మకం. కండువా నడుముకి బిగించి కుర్చీ ముందు కాలు ఒకటి ఆయనే పట్టుకున్నాడు. రెండోది ఆటోడ్రైవరు, వెనక రెండూ వంటవాళ్ళు. భార్య ఆస్పత్రి ఫైలు పట్టుకుని ముందు, నేను వెనక.

హాలు ముందు నుంచే పోవాలి. కుర్చీలో మనిషిని నలుగురు మోసుకొస్తుంటే, పెళ్ళికూతురి పెదనాన్నే మోస్తుంటే, ఎవరో చాలా పెద్ద చుట్టమనుకున్నారు జనం. తప్పుకున్నారు. ఒకాయన నమస్కారం పెట్టాడు. ఒకమ్మాయి పన్నీరు చల్లింది. ఇంకొకరు ఆయన చేతిలో అక్షింతలు పోశారు.

“ఇప్పుడే వెయ్యాలా, ఆగాలా?” అన్నాడాయన ఆయాసపడుతూ.

“వేసెయ్యండి, మళ్ళీ ఎప్పుడొస్తారో,” అన్నాడు పెదనాన్న.

కూల్‌డ్రింకుల ట్రే పట్టుకున్నాయన అడ్డం వచ్చాడు. “ఆయన తాగే మంచినీళ్ళకే లెక్కండీ, జరగండి,” అంది భార్య. రోడ్డు మీద ఇంకో ఆటో దొరికింది. ఎక్కించారు. పెదనాన్న కండువాతో మొహం తుడుచుకుని, “క్షేమంగా పోయి రండి,” అన్నాడు. నేనూ ఆటో ఎక్కాను.

నందిగామ చేరేసరికి యాభై నిమిషాలు ఆలస్యం. మిషన్ ఇచ్చేశారు. నర్సు తప్పేం లేదు. ఆ మిషన్ మీద పడుకున్నాయన కూడా ఏదో ఒక సందులోంచే వచ్చి ఉంటాడు. సాయంత్రం ఎవరైనా రాకపోతే చూస్తామన్నారు. ఎవరూ మానకపోతే మర్నాడు ఉదయమే. అప్పటిదాకా ఆగుతాడా అని ఆమె అడిగింది. నర్సు మందుల ట్రే సర్దుకుంది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆయన ముందుకి వంగి, భార్య భుజానికి తల ఆనించి కూర్చున్నాడు. ప్రతి ఊపిరీ వినబడుతోంది. మా సంఘంలో పొడుగు ప్రార్థన చెయ్యాలంటే నన్నే పిలుస్తారు. అక్కడ కళ్ళు మూసుకుంటే నాకు ఒక్క మాటే వచ్చింది. ప్రభువా, ఆ హాలు ఓనరు చెప్పిన రెండో మాట నేను వినలేదు. దాన్నే మళ్ళీ మళ్ళీ అన్నాను. మధ్యాహ్నం గడిచింది.

“మేడం,” అన్నాడాయన ఒకసారి. “ఆ గేటు అక్కడ పెట్టమన్నదెవరు?”

“నేనేనండి.”

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “మంచి గేటేనండి. బాగా తెరుచుకుంది.”

ఐదింటికి ఒక మనిషి రాలేదని పిలిచారు. ఆయన్ని మిషన్ మీద పడుకోబెట్టారు. భార్య గోడకి ఆనుకుని, పొద్దున్నుంచి మొదటిసారి ఏడ్చింది. ఆమె పక్కనే నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం టీ తాగాం.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి ఆ హాలు ఫైలు అడిగాను. చైన్‌మన్ తెచ్చి, నేను అడక్కుండానే ఒక పేజీ తిప్పి నా ముందు పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. ఓనరు ఇచ్చిన కాగితం. దాని మీద నా దస్తూరీ. ఆ కాగితాన్ని మొదటిసారి నా ఉద్యోగపు కళ్ళతో చూశాను. గేటు లోపలికి ఉంటే, బయటికి పోయే కారు సందులో కాకుండా హాలు స్థలంలోనే ఆగి చూసుకుంటుంది. తూర్పుకి తిరిగి ఉంటే, పెద్ద రోడ్డు వైపు మొహం పెట్టే సందులో కలుస్తుంది, ఇరుకులో మలుపు తిప్పే పని లేదు. నేను గీసిన దానికంటే ఇదే మేలు. ఎవరైనా ఇంజనీరు తెచ్చి ఉంటే మెచ్చుకుని సంతకం పెట్టేదాన్ని. సిద్ధాంతి పేరు వినబడింది కాబట్టి కొలత కూడా వేసి చూడలేదు.

ఆ మార్పుకి ఒప్పుకునే ముందు ఒక రోజంతా నాలో నేను పోట్లాడుకున్నాను. ఇది వాస్తుకి లొంగిపోవడం కాదా అని. మొదటి సంఘాల కాలంలో విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి ఒక తగువు వచ్చింది. విగ్రహం ఒట్టిదని తెలిసినవాడు ఆ మాంసం తినొచ్చు, కానీ తన తెలివి ఇంకొకరి కాలికి అడ్డం పడకుండా చూసుకోవాలని అపొస్తలుడు తీర్పు చెప్పాడు. దీని మీద స్త్రీల కూడికలో నేను మూడుసార్లు ప్రసంగించాను. మూడుసార్లూ మాంసం గురించే చెప్పాను. గేట్లకి వర్తిస్తుందని తోచలేదు. నా తెలివి ఒకరి కాలికి అడ్డం పడింది, ఆ కాలు వాచి ఉంది.

హాలుకి వెళ్ళి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమని ఓనరుకి చెప్పాను.

“కారణం ఏం రాయమంటారండి?”

“బండ్లు బయటికి పోవడానికి వీలుగా ఉంటుందని రాయండి.”

“అప్పుడూ అదే గదండి నేను చెప్పింది.”

“అవునండి. మీరు చెప్పారు. నేను వినలేదు. తప్పు నాదే.”

ఆయన కంగారుపడ్డాడు. మున్సిపాలిటీ వాళ్ళు తప్పు ఒప్పుకుంటే వెనకాల ఏదో పెద్ద నోటీసు ఉంటుందని ఆయన అనుభవం. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, “ఇంకేమన్నా ఉందా మేడం?” అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాక తేరుకుని, “మా సిద్ధాంతిగారు మీ ఆఫీసు కూడా చూశారండి. మీ టేబులు తిప్పుకుంటే మంచిదన్నారు,” అన్నాడు. టేబులు తిప్పలేదు. దానికీ ట్రాఫిక్‌కీ సంబంధం లేదు.

ఆన్‌లైన్‌లో మార్పు చేసిన ప్లాన్ పంపాను. నా నోట్‌లో మొదటిసారి ఎందుకు తిరస్కరించానో ఉన్నదున్నట్టు రాశాను. పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఇన్ని పేరాలు అవసరమా అని.

గేటు తిప్పి కట్టారు. ఆ తర్వాత పెళ్ళి ఉన్న గురువారం నేను సందులో ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. విజిల్ లేదు, చెయ్యి ఊపలేదు. మొదటి కారు గేటు దాకా వచ్చింది. కారు తూర్పు ముఖంగా గేటు దాటి, సందులో కలిసి, పెద్ద రోడ్డెక్కింది. వెనక రెండోది, మూడోది. లోపలికి వెళితే బయటికి రావచ్చని తెలిశాక కొత్తగా వచ్చేవాళ్ళు కూడా లోపలే పెట్టుకున్నారు. తొమ్మిదికి ఆటో వచ్చింది. గేటులో ఒక పెళ్ళి కారు ఆగి దారిచ్చింది. ఆటోలో ఆయన నన్ను చూసి తలాడించాడు. ఆమె చూడలేదు, ఫైల్లో కాగితాలు సర్దుకుంటోంది. తర్వాతి సోమవారం ఆమె రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. ఒక మనిషి రాకపోవడం నాకు అంత సంతోషం ఎప్పుడూ ఇవ్వలేదు.

సంఘంలో ఇంకోసారి సాక్ష్యం చెప్పాను, ఈసారి పూర్తిగా. ఎవరూ వెంటనే ఆమేన్ అనలేదు. చివర్న ఒక పెద్దాయన లేచి, “అంటే సిస్టర్, వాస్తు ఉందంటారా?” అన్నాడు.

“లేదండి,” అన్నాను. “పెళ్ళివాళ్ళున్నారు.”

ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన పిల్లలారా, మీ నమ్మకాన్ని ఆఫీసు బయట వదిలి రమ్మని నేను చెప్పను. నాది నేను ఒక్క రోజూ వదల్లేదు. కానీ బల్లకి అవతల నిలబడ్డ మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా పెన్ను మూత తియ్యకండి. ఆయన నమ్మేది మీరు నమ్మక్కర్లేదు. ఆయన బండి ఎటు పోతుందో ఆయనకి తెలుసు.

నేను రిటైరయ్యాను. మా చైన్‌మన్ నాకంటే ముందే అయ్యాడు. ఆ సందులో ఆ టీచర్ భర్త ఇంకా ఉన్నాడు, దేవుని దయ. కిడ్నీ కోసం పేరు రాయించుకున్నారు, వరుసలో ఎక్కడున్నారో వాళ్ళకి తెలియదు. మంగళ, గురు, శని వారాలు తొమ్మిదికి ఆటో వాళ్ళింటి ముందు నుంచి కదులుతుంది. ఆ వేళకి మీరు ఎక్కడున్నా, బస్సులో ఉన్నా, సచివాలయం తాళం తీస్తున్నా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఆయన వేళకి చేరాలని అడగండి. ఆయన లేచాక ఆ మిషన్ కోసం వరండాలో కూర్చున్నవాళ్ళు ఎక్కువసేపు కూర్చోకూడదని అడగండి. దారిలో ఎదురయ్యే ప్రతివాడూ కాస్త పక్కకి జరగాలని అడగండి. కళ్ళు అప్పుడే తెరవకండి. ఆటో పెద్ద రోడ్డెక్కాక ఆమేన్ అందాం.